డెబ్బై నిండగానే ప్రీమియం రెట్టింపు: ఒక కారు రెన్యువల్ కేసు

"బాబూ, నాకు డెబ్బై నిండాయని కంపెనీకి ఎవరు చెప్పారు?"

2024 నవంబరులో ఒక పొద్దున్న రెండు కాగితాలు నా టేబుల్ మీద పెట్టి మాస్టారు అడిగిన మొదటి మాట ఇది. ఒక కాగితం పోయినేడు కట్టిన రసీదు, 5,535 రూపాయలు. రెండోది ఈ ఏడాది రెన్యువల్ నోటీసు, 10,770 రూపాయలు. కారు అదే, మనిషి అదే. మధ్యలో మారినది ఆయన వయసొక్కటే అని ఆయన నమ్మకం.

ఒడిశాలోని గజపతి జిల్లాలో జనరల్ ఇన్సూరెన్స్ ఏజెంటుగా ఇరవై ఏళ్లు దాటాయి నాకు. పర్లాకిమిడిలో కూర్చుంటాను. మా కస్టమర్లలో ఎక్కువమందికి ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, పాలసీ కాగితం మాత్రం ఇంగ్లీషు. ఆ కాగితాన్ని ఎవరూ పూర్తిగా చదవరు. చదివామని చెప్పేవాళ్లు కూడా చివరి లైనులో మొత్తం ఎంతో చూసి మడతపెడతారు. ఈ కేసు అక్కడే మొదలైంది కాబట్టి రాస్తున్నాను. ఇంకో కారణం, ఇందులో నా తప్పు కూడా ఉంది.

ఆయన్ని మాస్టారు అని పిలుస్తాను. నిజంగా మాస్టారేనా అన్నది వదిలేయండి. అంకెలు కూడా ఎవరూ గుర్తుపట్టకుండా కాస్త సవరించాను. లెక్క మాత్రం లెక్కే.

బండి సంగతి

1,197 సీసీ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. 2021 నవంబరులో కొన్నారు, ఒడిశా రిజిస్ట్రేషన్, నంబరు ఓడీ-20తో మొదలవుతుంది. షోరూం ధర 7 లక్షలు. తిరుగుడు తక్కువ. పాతపట్నం, టెక్కలి, ఆసుపత్రి పని పడితే శ్రీకాకుళం, పెళ్లిళ్లకు బరంపురం. ఎక్కువగా ఆయనే నడుపుతారు. ఇంట్లో ఇరవై రెండేళ్ల మనవడు ఉన్నాడు, వాడికీ లైసెన్సు ఉంది. కూతురు అమెరికాలో.

2024 సంక్రాంతికి చుట్టాలింట్లో కారు వెనక్కి తీస్తూ గేటు రాయికి తగిలించారు. వెనక బంపరు పగిలింది. దానికి క్లెయిమ్ చేయించింది నేనే. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

వాళ్లు వేసుకున్న లెక్క

నోటీసు చూసి మాస్టారు ముందు కూతురికి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి చెప్పినది ఆమె ఉన్న చోటికి సంబంధించినంత వరకు తప్పేమీ కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కారు ఇన్సూరెన్సుకు డ్రైవరు వయసు పెద్ద లెక్క. కుర్రవాళ్లకు రేటు మండిపోతుంది, నడివయసులో తగ్గుతుంది, డెబ్బై ప్రాంతంలో మళ్లీ ఎక్కడం మొదలవుతుంది. ఆ లెక్కతోనే, "నాన్నా, కారు వాడి పేరు మీదకు మార్చేయండి" అంది. అదే లెక్క ప్రకారం ఇరవై రెండేళ్లవాడికి ఇంకా ఎక్కువ పడాలి కదా అని ఎవరికీ తట్టలేదు. కోపంలో ఉన్నప్పుడు మనకు సగం లెక్కే కావాలి.

పైగా మాస్టారికి ఇంకో అనుభవం ఉంది. ఆయన హెల్త్ పాలసీ వయసు స్లాబు మారినప్పుడల్లా పెరుగుతూ వచ్చింది. అక్కడ వయసును బట్టి రేటు ఉంటుంది, నిజమే. అదే కళ్లజోడుతో కారు కాగితం చూశారు.

మనవడు ఫోన్లో ఒక పోలిక సైటు తెరిచి, బండి నంబరు కొట్టి, తన పేరు, తన ఫోన్ నంబరు ఇచ్చి రేటు చూశాడు. అదే కంపెనీ, 7,751 రూపాయలు. అంటే 3,019 తక్కువ. ఇంకేం కావాలి? ముసలివాడికి 10,770, కుర్రవాడికి 7,751. ఆ తేడా వయసుకు వేసిన జరిమానా అని ఇంట్లో తేలిపోయింది. మాస్టారు మాత్రం డబ్బు కన్నా మాటకే ఎక్కువ బాధపడ్డారు. "ముప్పై ఏళ్లుగా స్టీరింగ్ పట్టిన చెయ్యి బాబూ ఇది" అన్నారు.

నేను మొదట చేసిన పొరపాటు

నేను వెంటనే, "మాస్టారూ, మన దేశంలో కారు ఇన్సూరెన్సుకు వయసు చూడరండీ" అనేశాను. ఏజెంట్లందరం అనే మాటే. ఆయన మనవడి ఫోన్ నా ముందు పెట్టారు. "మరి ఇదేంటి?" నా దగ్గర జవాబు లేదు.

ఆ మాట ముప్పాతిక వంతే నిజం. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే ప్రీమియాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ప్రైవేటు కారుకు అది ఇంజిన్ సీసీని బట్టి. 2022 జూన్ నుంచి 1,000 సీసీ లోపు 2,094, ఆ పైన 1,500 వరకు 3,416, అది దాటితే 7,897 రూపాయలు. పద్దెనిమిదేళ్లవాడికైనా ఎనభై ఏళ్లాయనకైనా ఇంతే. సొంత బండి డ్యామేజీకి కట్టేదాన్ని మేము ఓడీ అంటాం. దాని పాత టారిఫ్‌లో, అంటే రేట్ల పట్టికలో కూడా చూసేవి నాలుగే: బండి విలువ, సీసీ, బండి వయసు, రిజిస్టరైన ఊరు. బండి వయసు, మనిషిది కాదు. కాకపోతే 2007 జనవరి నుంచి ఓడీ రేటు కంపెనీల చేతికి వెళ్లింది. టారిఫ్ మీద ఎంత తగ్గించాలన్నది వాళ్ల లెక్క. అందులో ఓనరు వయసు, ఉద్యోగం లాంటివి కలిపే కంపెనీ ఉంటే ఉండొచ్చు. కాబట్టి "చూడరు" అని కొట్టిపారేయకుండా, "ఈ నోటీసులో చూశారో లేదో చూద్దాం" అనాల్సింది. ఒక పూట పోయింది.

కాగితం విప్పి చూస్తే

మధ్యాహ్నం మళ్లీ కూర్చున్నాం. చివరి లైను కాదు, పైనుంచి కిందికి.

పోయినేడు: బండి విలువ, అంటే ఐడీవీ, 4 లక్షల 90 వేలు. దాని మీద టారిఫ్ 3.191 శాతం, కంపెనీ ఇచ్చిన అరవై శాతం తగ్గింపు, పైన రెండేళ్లు క్లెయిమ్ లేనందుకు 25 శాతం బోనస్. ఓడీ 4,691. థర్డ్ పార్టీ గడిలో సున్నా. 18 శాతం జీఎస్టీతో 5,535.

ఈ ఏడాది: ఐడీవీ 4 లక్షల 20 వేలు. అదే టారిఫ్, అదే తగ్గింపు, సంక్రాంతి క్లెయిమ్ వల్ల బోనస్ సున్నా. ఓడీ 5,361. థర్డ్ పార్టీ 3,416. ఓనరు-డ్రైవరు ప్రమాద బీమా 350. జీఎస్టీతో 10,770.

మాస్టారి వేలు థర్డ్ పార్టీ దగ్గర ఆగింది. "పోయినేడు సున్నా ఉందే?"

అసలు కీలకం అది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ముందే కట్టించుకుంటున్నారు. షోరూంలో ఆన్‌రోడ్ ధరలో కలిసిపోతుంది కాబట్టి కట్టినట్టే తెలియదు. తర్వాత రెండు రెన్యువళ్లు ఓడీకి మాత్రమే, చవగ్గా అయిపోతాయి. మూడో రెన్యువల్లో థర్డ్ పార్టీ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కారుతోపాటు మూడేళ్లకు తీసుకున్న ప్రమాద బీమా కూడా అప్పుడే అయిపోయింది. పెరిగిన 5,235లో 4,031 థర్డ్ పార్టీదే, 413 ప్రమాద బీమాది, ఓడీలో పెరిగింది 791. ఆ మూడేళ్లు నిండిన ఏడాదే మాస్టారికి డెబ్బై నిండాయి. అంతే.

ఈ మూడో రెన్యువల్ దెబ్బ నా దగ్గరకు వచ్చే ప్రతి కొత్త కారు ఓనరుకూ తగులుతుంది. కుర్రవాళ్లు కంపెనీని తిడతారు, పెద్దవాళ్లు తమ వయసును తిట్టుకుంటారు.

మరి మనవడి రేటు?

ఇక్కడ కాస్త నిదానించాను. మొదటి లెక్క ఒప్పుకున్నా, 7,751 కళ్లముందే ఉంది. అది తేలకపోతే నా మాట నిలవదు. మనవణ్ని పక్కన కూర్చోబెట్టి, "బాబూ, మళ్లీ మొదటి నుంచి కొట్టు. ప్రతి పేజీ దగ్గర ఆగు" అన్నాను.

బండి నంబరు. ఫోన్ నంబరు. "పోయినేడు క్లెయిమ్ చేశారా?" అన్నచోట 'లేదు' అని ముందే టిక్ పెట్టి ఉంది, వాడు అలాగే వదిలేశాడు. తర్వాతి పేజీలో రేటు వచ్చేసింది.

"ఇప్పటిదాకా నీ పుట్టినతేదీ అడిగాడా?"

వాడు స్క్రీను పైకీ కిందికీ జరిపాడు. అడగలేదు. అది డబ్బు కట్టే ముందు పేజీలో, ప్రమాద బీమాకు, నామినీకి అడుగుతారు. వయసు తెలియకముందే 7,751 చూపించాడంటే అది వయసు రేటు ఎలా అవుతుంది? ఈ ఒక్క ప్రశ్నకు పట్టిన సమయం అర నిమిషం. నేను పొద్దున్నుంచీ చెప్పిన టారిఫ్ పాఠం కన్నా ఎక్కువ పని చేసింది.

మిగతాది కూడికలు. క్లెయిమ్ లేదన్నందుకు 35 శాతం బోనస్ కలిసింది, జీఎస్టీతో 2,214. ఐడీవీ 3 లక్షల 80 వేలకు దించి చూపించాడు, 391. ప్రమాద బీమా తీసేశాడు, 413. కలిపితే 3,018. ఒక్క రూపాయి రౌండింగులో పోయింది.

అలాగే కట్టేస్తే ఏమవుతుందని మనవడు అడిగాడు. కట్టొచ్చు, పాలసీ కూడా వస్తుంది. బోనస్ గురించి ఇచ్చే డిక్లరేషన్‌లో, అది తప్పని తేలితే సొంత డ్యామేజీ కింద వచ్చే హక్కులన్నీ పోతాయని ఉంటుంది. కంపెనీ పాత రికార్డు చూసి సరిచూసుకుంటుంది. రెండు వేలు మిగిల్చుకుని నాలుగు లక్షల బండిని గాలికి వదిలినట్టు. ఐడీవీ తగ్గించుకోవడం అబద్ధం కాదు కానీ, బండి పోతే వచ్చేది కూడా అంతే తగ్గుతుంది. 391 కోసం 40 వేలు వదులుకోవద్దన్నాను.

పేరు మార్చే ఆలోచన

మామూలుగా ఎవరైనా బండి పేరు మార్చుకుంటామంటే, బోనస్ పోతుందని చెప్పి ఆపుతాను. నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. అమ్మినా, బతికుండగా ఇంట్లోవాళ్ల పేరు మీదకు మార్చినా బండితో పాటు వెళ్లదు. కానీ ఇక్కడ పోవడానికి బోనసే లేదు. అందుకే ఆ వాదన వాడలేదు. కూతురికి ఇంకో ఆలోచన కూడా ఉంది: పేరు మారితే పాత క్లెయిమ్ మచ్చ కూడా పోతుంది కదా అని. పోతుంది, కానీ మనవడు కూడా సున్నా దగ్గరే మొదలుపెడతాడు. ఖాళీ గిన్నెలోంచి ఇంకో ఖాళీ గిన్నెలోకి వంపినట్టు.

ఆర్టీఓ దగ్గర ఫారం 29, 30, ఫీజులు, పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయడం, ఇంత తిరిగి ప్రీమియంలో తగ్గేది ఏమీ లేదు. ఎవరో బావమరిది పాతపట్నం అడ్రసు మీద ఏపీ రిజిస్ట్రేషన్ చేయించమన్నాడట. 1936లో ఒడిశా సరిహద్దు గీత గీసిన నాటి నుంచీ మా ప్రాంతంలో ప్రతి సమస్యకూ ఒక మందు ఉంది, గీత దాటడం. ఇన్సూరెన్స్ టారిఫ్‌కు ఆ గీత కనపడదు. హైదరాబాదు, చెన్నై, కోల్‌కతా లాంటి ఎనిమిది పెద్ద నగరాలు ఏ జోను, మిగతా దేశమంతా బీ జోను. పర్లాకిమిడీ బీ, పాతపట్నమూ బీ.

వేరే కంపెనీల్లో కూడా చూశాను, ఉన్న క్లెయిమ్ ఉన్నట్టు చెప్పి. ఒకచోట ఆరువందలు తక్కువ వచ్చింది. వాళ్ల క్యాష్‌లెస్ గ్యారేజీ విశాఖలో. బంపరు పగిలితే విశాఖ వెళ్లేది ఎవరు? వదిలేశాం.

వయసు నిజంగా ఉన్న చోటు

ఫారం నింపడానికి లైసెన్సు అడిగాను. మాస్టారు పర్సులోంచి తీసి ఇచ్చారు. చెల్లుబాటు తేదీ చూసి ఇంకోసారి చూశాను. 2024 ఏప్రిల్. ఏడు నెలలైంది.

సంక్రాంతి బంపరు క్లెయిమ్‌కు ఇదే లైసెన్సు జిరాక్సు నా చేతిమీదుగా వెళ్లింది. అప్పటికి మూడు నెలల గడువుంది. క్లెయిమ్ పాసవుతుందా లేదా అన్నంతవరకే తేదీ చూశాను. ఏప్రిల్లో ఒక ఫోన్ చేయాలని డైరీలో రాసుకోలేదు. ఇది నా తప్పు. ఈ ఏడు నెలల్లో ఆయన కనీసం మూడుసార్లు శ్రీకాకుళం నడుపుకుంటూ వెళ్లొచ్చారు.

పాలసీలో డ్రైవరు క్లాజు వయసు అడగదు, చెల్లే లైసెన్సు అడుగుతుంది. లైసెన్సు చెల్లని మనిషి నడుపుతూ గుద్దితే సొంత బండి క్లెయిమ్ పోయినట్టే. ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే కంపెనీ ముందు వాళ్లకు కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పొచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు నుంచి ఆ దారి బాగా తెలిసిందే. ఓనరు-డ్రైవరు ప్రమాద బీమా 15 లక్షలు కూడా ఓనరుకు చెల్లే లైసెన్సు ఉంటేనే. అంటే నోటీసులో ఉన్న ఆ 350 ఆయన కట్టినా, ఆ రోజుకు ఉపయోగం లేని కవరు.

వయసు పనిచేసే చోటు ఇది. యాభై అయిదు దాటినవాళ్లకు లైసెన్సు అయిదేళ్లకే ఇస్తారు. నలభై దాటితే రెన్యువల్‌కు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. గడువు తీరిన ఏడాదిలోగా పెట్టుకుంటే టెస్టు లేకుండా అవుతుంది, దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు. పాత ముప్పై రోజుల గ్రేస్ 2019 సవరణతో పోయింది. ఆలస్యంగా చేయించుకుంటే కొత్త లైసెన్సు చేయించుకున్న రోజు నుంచే చెల్లుతుంది, మధ్యలోని ఏడు నెలలు ఖాళీగానే ఉంటాయి.

అప్పుడు గేటు రాయి గుర్తొచ్చింది. పట్టపగలు, తెలిసిన ఇల్లు, సున్నం కొట్టిన తెల్లరాయి. ఎందుకు కనపడలేదు?

ఫారం 1ఏలో ఒక ప్రశ్న ఉంటుంది: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అని. మాస్టార్ని బయటికి తీసుకెళ్లి, నా నడకలో ముప్పై మూడు అంగలు లెక్కపెట్టి నిలబెట్టాను. తన కారు నంబరు ఆయనకు కంఠస్థం కాబట్టి, బట్టలషాపు ముందున్న ఇంకో బండి చూపించాను. ఓడీ 20 చదివారు. ఆ తర్వాత 3ని 8 అన్నారు, 1ని 7 అన్నారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. మళ్లీ 8.

మనవడు "తాతయ్యా..." అని ఆగిపోయాడు. ఆయనే "మంచు ఉంది" అన్నారు. మధ్యాహ్నపు ఎండ అది.

నేను డాక్టర్ని కాను, ఇది పరీక్షా కాదు. కానీ ఆ రోడ్డు మీద ఆయనతో వాదించాల్సిన పని లేకపోయింది. ప్రీమియం వయసు వల్ల పెరగలేదని అప్పటికే ఒప్పించి ఉన్నాను కాబట్టి, కళ్ల మాట ఎత్తినప్పుడు దాన్ని అవమానంగా తీసుకోలేదనుకుంటాను. వరస తిరగబడి ఉంటే, అంటే పొద్దున్నే లైసెన్సు, చూపు గురించి మాట్లాడి ఉంటే, "నువ్వు కూడా కంపెనీ మనిషివేనా" అని లేచి వెళ్లిపోయేవారు.

ఏం చేశాం

పాలసీ ముగియడానికి తొమ్మిది రోజులుంది. లైసెన్సు కోసం ఆగితే పాలసీ తెగిపోతుంది, బండి తనిఖీ వస్తుంది. కాబట్టి పాలసీ ముందు. బండి మాస్టారి పేరు మీదే. ఓనరుకు ప్రస్తుతం చెల్లే లైసెన్సు లేదని రాసిచ్చి ప్రమాద బీమా తీయించాం. ఎక్కువగా నడిపేది మనవడని, వాడి వయసుతో సహా రాశాం. ఇరవై రెండేళ్లని రాసినా రూపాయి పెరగలేదు. ఈ కాపీ అమెరికాకు పంపమన్నాను. చూపు, వినికిడి లోపం గురించి అడిగే గడి దగ్గర కూడా ఉన్నది ఉన్నట్టే రాయించాను. రేటు మారకపోయినా, రేపు క్లెయిమ్ వస్తే చదివేది ఆ గడినే.

ఇంకో నిర్ణయం, స్వచ్ఛంద డిడక్టబుల్ 2,500. అంటే ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరి వెయ్యికి తోడు ఇంకో రెండున్నర వేలు మనమే పెట్టుకుంటాం. బదులుగా ఓడీలో 20 శాతం, గరిష్ఠంగా 750 తగ్గుతుంది. నేనిది అందరికీ చెప్పను. ఇక్కడ చెప్పడానికి కారణం ఆ బంపరే. బిల్లు 7,400: బంపరు 3,600, పెయింటు 2,800, కూలి 1,000. ప్లాస్టిక్ భాగానికి సగం తరుగు, పెయింటు సామాను మీద తరుగు, పైన వెయ్యి పోగా చేతికొచ్చింది 4,250. జీరో డిప్, అంటే తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవరు, ఆయనే అంతకు ముందేడు తీయించేశారు. ఆ క్లెయిమ్‌తో బోనస్ 35 పోయి సున్నా అయింది, తర్వాతి ఏళ్లలో 45, 50, 50 ఉండాల్సిన చోట 20, 25, 35. ఇదే తగ్గింపు కొనసాగితే నాలుగు రెన్యువళ్లలో నష్టం జీఎస్టీతో సుమారు 5,500. నాలుగు వేలు తెచ్చుకుని అయిదున్నర వేలు కట్టడం. జనవరిలో ఈ లెక్క వేసి చూపించాల్సింది నేనే. క్లెయిమ్ చేయించడమే సర్వీసు అనుకున్నాను.

చివరికి కట్టింది 9,472.

డిసెంబరులో శ్రీకాకుళంలో కళ్లు చూపించుకున్నారు. రెండు కళ్లకూ శుక్లాలు. ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్లు అయ్యాయి. ఫిబ్రవరిలో ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం పెట్టారు, ఏడాది గడువు దాటలేదు కాబట్టి టెస్టు లేకుండానే లైసెన్సు వచ్చింది. ఆ రోజే ప్రమాద బీమా విడిగా కట్టించాను. రాత్రిపూట మాత్రం నడపనని ఆయనే అన్నారు, బరంపురం వైపు తప్తపాణి ఘాటీ మనవడిదే.

నా రిజిస్టరులో పాలసీ ముగింపు తేదీ పక్కన ఇప్పుడు లైసెన్సు ముగింపు తేదీకి ఒక గడి ఉంది. ఆ గడి నింపడం మొదలుపెట్టిన వారంలోనే ఇంకో ముగ్గురికి ఫోన్లు చేయాల్సి వచ్చింది. మూడేళ్లు నిండే కార్ల వాళ్లకు నోటీసు వెళ్లకముందే థర్డ్ పార్టీ సంగతి చెప్పేస్తున్నాను. తిట్లు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

మొన్న మాస్టారి కూతురు ఫోన్ చేసింది. పాలసీ గురించి కాదు. "అన్నయ్యా, మావాడికి పదహారు నిండాయి. కారు నేర్చుకుంటానంటున్నాడు. ఇక్కడ మా పాలసీలో వాడి పేరు కలిపితే ఎంత చెబుతున్నారో తెలుసా? వాణ్ని నాన్న దగ్గరకు పంపించెయ్యనా?" అని నవ్వింది. పద్దెనిమిది నిండాక పంపించమన్నాను.